వాడుకలో ఉంటేనే నిలిచే ప్రదర్శనశాలలు

ఆస్ట్రేలియాలో ఏటా జరిగే వ్యవసాయ ప్రదర్శనలు నేటికీ 500కు పైనే. వాటిలో అధికభాగం చిన్న పట్టణాలవి. అలాంటి పట్టణం అంచున ఒక ప్రదర్శన మైదానం, అందులో గుర్రాల బరికీ పశువుల కొట్టాలకూ కాస్త ఎడంగా, కలప చట్రానికి ముడతల ఇనుప రేకులు బిగించిన విశాలమైన శాల కనిపిస్తాయి. పందొమ్మిదో శతాబ్ది చివరా, ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్ళలోనూ కట్టిన ఈ శాలలకు ఇప్పుడు గడ్డుకాలం వచ్చింది. వాటిని నడిపే సంఘాల్లో స్వచ్ఛంద కార్యకర్తల వయసు పైబడుతోంది, బీమా ఖర్చు భారమవుతోంది, నేలను మోసే కలప గుంజలు పుచ్చిపోతున్నాయి. పాతదాన్ని కూల్చి ఉక్కు చట్రంతో కొత్త షెడ్డు వేసుకుంటే చౌకలో తేలిపోతుందన్న సలహా తరచుగా వినవస్తోంది. ఆ సలహా తప్పు లెక్క మీద నిలిచిందని మా అభిప్రాయం. కొత్త షెడ్డు ఖర్చును పాత శాల మరమ్మతు ఖర్చుతో పోల్చిచూసేవారు పాత శాల ఏయే పనులు చేస్తోందో ఆ లెక్కలో చేర్చడం లేదు.

వ్యవసాయ ప్రదర్శన అనే ఏర్పాటు బ్రిటన్ నుంచి వలస రాజ్యాలకు చేరింది. బాత్ నగరంలో 1777లోనూ, స్కాట్లాండులో 1784లోనూ వ్యవసాయాభివృద్ధి సంఘాలు ఏర్పడ్డాయి. 1838లో పుట్టిన ఇంగ్లండు జాతీయ సంఘం మరుసటి ఏడు ఆక్స్‌ఫర్డులో తొలి ప్రదర్శన జరిపింది. అయితే ఆ సంఘం ప్రదర్శన ఏడాదికొక ఊరు చొప్పున తిరుగుతూ ఉండేది. గుడారాలు, పలకల పందిళ్ళు వేసి, పని కాగానే విప్పి తీసుకుపోయేవారు. స్టోన్‌లీలో దానికి స్థిరమైన చోటు దొరికింది 1963లో మాత్రమే. ఆస్ట్రేలియాలో కథ వేరుగా నడిచింది. హోబర్ట్‌లో 1822లోనే ప్రదర్శన జరిగింది. అదే ఏడు ఏర్పడిన న్యూ సౌత్ వేల్స్ వ్యవసాయ సంఘం 1823లో పారమట్టాలో తన మొదటి ప్రదర్శన నిర్వహించింది. దూరాలు అపారమైన ఆ నేలలో ఒక్క ప్రదర్శన ఊరూరా తిరగడం అయ్యే పని కాదు కనుక, ప్రతి జిల్లా తనకంటూ ఒక సంఘాన్నీ మైదానాన్నీ సమకూర్చుకుంది. న్యూ సౌత్ వేల్స్ 1861లో భూచట్టాలు తెచ్చి, సర్వే పూర్తికాని ప్రభుత్వ భూమిని సైతం చిన్న రైతులు ఎంచుకుని వాయిదాల మీద కొనుక్కునే వీలు కల్పించాక సేద్యపు జనాభా లోపలి జిల్లాల్లో స్థిరపడింది, దాని వెంటే రైలు మార్గాలూ సాగాయి. ఏటేటా గుడారం వేసి విప్పే బదులు ఒకసారి కట్టుకుని నిలుపుకోవడం మేలన్న ఆలోచన అక్కడి నుంచి సహజంగానే వచ్చింది.

ఈ చరిత్రను చెప్పేటప్పుడు సాధారణంగా దాటవేసే మాట ఒకటుంది. చిన్న రైతులు ఎంచుకున్న ఆ భూములు ఆదివాసుల నుంచి పోయిన భూములు. వలస వ్యవసాయం సాధించిన విజయాన్ని చాటేందుకే ఈ శాలలు వెలిశాయి, వాటి గోడల మీది బహుమతి ఫలకాల్లో ఆ నేల అసలు హక్కుదారుల ప్రసక్తి ఉండదు. శాలను కాపాడాలని కోరేవారు ఈ సంగతిని కూడా అక్కడే రాసి పెట్టడం న్యాయం.

నిర్మాణ రీతి విషయానికి వస్తే, ఈ శాలల వెనుక 1851 నాటి లండన్ మహాప్రదర్శన కోసం కట్టిన స్ఫటిక సౌధం (క్రిస్టల్ ప్యాలెస్) నీడ ఉంది. తోటమాలిగా జీవితం మొదలుపెట్టిన జోసెఫ్ పాక్స్‌టన్ గాజు, పోత ఇనుములతో హైడ్ పార్కులో నిలిపిన ఆ భవనం తరవాత, ప్రదర్శన అంటే అంతటి భవనం ఉండాలన్న కోరిక నగరాలన్నిటికీ పట్టుకుంది. జేమ్స్ బార్నెట్ రూపొందించిన సిడ్నీ గార్డెన్ ప్యాలెస్ 1879లో సిద్ధమైంది. ఎక్కువభాగం కలపతో కట్టడం వల్ల 1882 సెప్టెంబరు 22న అగ్నికి ఆహుతైంది, 1881 జనగణన పత్రాలు, ఆదివాసీ కళాఖండాల సేకరణ దానితోపాటే బూడిదయ్యాయి. మెల్‌బోర్న్‌లో జోసెఫ్ రీడ్ రూపకల్పనలో 1880లో వెలిసిన భవనం మాత్రం నిలిచి, 2004లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది.

పల్లె సంఘాలకు గోపురాలు లేపే స్తోమత లేదు. వారు నగర భవనాల నుంచి తీసుకున్నది లోపలి అమరికను మాత్రమే. నడిమి భాగం వెడల్పుగా, ఎత్తుగా ఉంటుంది. రెండు పక్కలా తక్కువ ఎత్తులో నడవాలు సాగుతాయి. నడిమి కప్పు పక్క కప్పులకన్నా పైకి లేచిన చోట, ఆ ఎత్తు తేడాలో వరసగా కిటికీలో గాలి పలకలో అమరుస్తారు. గోడలకు కింది భాగంలో కిటికీలు తక్కువ, ఒక్కోచోట అసలు ఉండవు. బయటినుంచి చూసినవారు దీన్ని గోదాము అనుకుంటే తప్పుపట్టలేం. లోపలికి వెళితే తప్ప దాని తెలివి తెలియదు. గోడకు కిటికీ లేకపోతే నేల నుంచి పైదాకా మెట్లబల్లలు పేర్చుకోవచ్చు. వెలుగు పైనుంచి పడితే బల్ల మీద ఉంచిన వస్తువు మీద చూసేవారి నీడ పడదు. దక్షిణార్ధగోళంలో ఎండ ఉత్తరం నుంచి వస్తుంది కనుక, దక్షిణం వైపు తెరిచిన కిటికీలకు రోజంతా సమానంగా ఉండే వెలుతురు దక్కుతుంది. ఉన్ని రంగును, తేనె తేటదనాన్ని, జామ్ సీసాలోని పారదర్శకతను బేరీజు వేసే న్యాయనిర్ణేతకు కావలసింది సరిగ్గా అలాంటి వెలుతురే.

కప్పును మోసే దూలాల కూర్పులో స్థానిక వడ్రంగుల పనితనం కనిపిస్తుంది. అడ్డ దూలం మధ్య నిలువు గుంజ నిలిపి, దాని నుంచి ఏటవాలు ఆనింపులు ఇచ్చే పాత పద్ధతిని చిన్న వెడల్పులకు వాడారు. వెడల్పు పెరిగిన చోట రెండు నిలువు గుంజల కూర్పుకు వెళ్ళారు, లేదా నడిమి భాగానికీ నడవాలకూ మధ్య స్తంభాల వరస నిలిపారు. గట్టి యూకలిప్టస్ కలప ఈ పనికి చక్కగా ఒదిగింది. వేడి ప్రాంతాల్లో నేలను పొట్టి గుంజల మీద ఎత్తి, ప్రతి గుంజ తలకు రేకు టోపీ తొడిగి, దాన్ని దాటేందుకు చెదలు కట్టే మట్టి దారి కంటబడేలా చేశారు. తనిఖీకి వచ్చినవాడు వంగి చూస్తే చాలు. ఇప్పటి చెదల మందులన్నిటికన్నా ఈ టోపీయే నమ్మకమైనదని చెప్పడానికి మేము సంకోచించం.

ఇక రేకు సంగతి. లండన్ రేవుల ఇంజనీరు హెన్రీ రాబిన్సన్ పామర్ 1829లో ముడతల ఇనుప రేకుకు పేటెంటు పొందాడు. ఇనుముకు జింకు పూత పూసే పద్ధతికి 1837లో ఫ్రాన్సులో స్తానిస్లాస్ సొరెల్ పేటెంటు తీసుకున్నాడు. ఈ రెండూ కలిసి, తేలికగా ఉండి, ఒకదానిపై ఒకటి ఒదిగి, తుప్పును చాలాకాలం ఆపగల సరుకు తయారైంది. 1850ల బంగారు వేటలో ఓడల మీద ఆస్ట్రేలియాకు విరివిగా దిగిన ఈ రేకు రైల్లో, అక్కణ్ణుంచి బండ్ల మీద లోపలి జిల్లాలకు చేరింది. ముడతల వల్ల రేకుకే బిగువు ఉంటుంది కనుక కింద కలప తక్కువ పడుతుంది, కప్పు మీది వాననీరు తిన్నగా తొట్టికి చేరుతుంది. లైసాట్ సంస్థ న్యూకాసిల్‌లో 1921లో దేశీయంగా ఈ రేకుల తయారీ మొదలుపెట్టేనాటికి వాటితో కట్టిన శాలలు దేశమంతా విస్తరించాయి. లోపాలు లేవని కాదు. ఎండ మండితే లోపల పొయ్యిలా ఉంటుంది, వాన కురిస్తే పక్కవారి మాట వినబడదు.

శాల లోపల జరిగే పోటీలను తేలిగ్గా చూడటం నగర పత్రికలకు అలవాటు. అది సరికాదు. పశువుల బరిలో బహుమతులన్నీ చాలాకాలం మగవారి పేరిట పోతున్న రోజుల్లో, స్త్రీల శ్రమను బహిరంగంగా, నియమబద్ధంగా తూచి, పేరు రాసి గౌరవించిన చోటు ఈ శాల. న్యూ సౌత్ వేల్స్‌లో 1922లో గ్రామీణ మహిళా సంఘం ఏర్పడ్డాక వంట, కుట్టు విభాగాల్లో నిర్ణయాల ప్రమాణాలు మరింత కట్టుదిట్టమయ్యాయి. పండ్ల కేకు పోటీలో అందరికీ ఒకే కొలతలు ఇస్తారు. లోపలి పండ్ల ముక్కలు ఒకే పరిమాణంలో ఉన్నాయా, చల్లార్చడానికి ఉంచిన తీగ జాలీ గుర్తు కేకు పైన పడిందా అన్నది కూడా చూస్తారు. ఇంగ్లండులో మొదటి బహుమతికి ఎర్ర రిబ్బను ఇస్తే, ఆస్ట్రేలియాలో నీలి రిబ్బను ఇస్తారు. పలకల నేల పరిచింది బల్లల కోసమే అయినా, అదే నేల మీద రాత్రి నాట్యోత్సవాలు జరిగేవి, ఆ ఆదాయం మరుసటి ఏడు బహుమతులకు పనికొచ్చేది.

ఆపద వేళ ఈ స్థలాలు ఏమయ్యాయో చూడండి. 1919 నాటి ఇన్‌ఫ్లుయెంజాలో మెల్‌బోర్న్ ప్రదర్శన భవనం ఆసుపత్రిగా మారింది. 1942 నుంచి 1946 వరకు సిడ్నీ మైదానం సైన్యం అధీనంలో ఉండి, అక్కడ ఏటా జరిగే ఈస్టర్ ప్రదర్శనే జరగలేదు. 2019 డిసెంబరు 31న న్యూ సౌత్ వేల్స్ దక్షిణ తీరంలోని కొబార్గో పట్టణాన్ని కార్చిచ్చు చుట్టుముట్టినప్పుడు జనం తలదాచుకున్నది ప్రదర్శన మైదానంలోనే. పశువులను తోలుకొచ్చి కట్టేసే కొట్టం, మనుషులు పడుకునే కప్పు, నీళ్ళు, వంటగది, బండ్లు నిలిపే ఖాళీ స్థలం ఒక్కచోట దొరికే మరో ఆవరణ చిన్న పట్టణంలో సాధారణంగా ఉండదు. కూల్చివేత లెక్కలు వేసే అధికారులు ఈ పద్దును ఏ గడిలో రాస్తున్నారో చెప్పాలి.

రక్షణ అంటే అద్దాల పెట్టెలో పెట్టడం అనుకుంటే అదీ పొరపాటే. దక్షిణ ఆస్ట్రేలియాలోని గనుల పట్టణం బర్రాలో 1979లో ఆమోదం పొందిన వారసత్వ పరిరక్షణ పత్రం, ఒక స్థలం వాడుక కూడా దాని విలువలో భాగమేనని గుర్తించింది. అవసరమైనంత మేరకే మార్చండి, వీలైనంత తక్కువ మార్చండి అన్నది దాని సూత్రం. సిడ్నీకి పడమర సుమారు 200 కిలోమీటర్ల దూరంలోని బాథర్స్ట్ ప్రదర్శన మైదానాన్ని రాష్ట్ర వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు, ఏదో ఒక అందమైన శాలను వేరుచేసి చూడకుండా మైదానాన్ని మొత్తంగా పరిగణించడం మంచి ఆదర్శం. కెనడాలో 1898లో మోజెస్ ఎడీ రూపొందించిన ఒట్టావా అబర్డీన్ శాల 1990ల ఆరంభంలో కూల్చివేత అంచుదాకా వెళ్ళి, మరమ్మతు పొంది తిరిగి వాడుకలోకి వచ్చింది. లోపల ఒక్క స్తంభమూ అడ్డులేని ఆ ఉక్కు కప్పు కింద ఇప్పుడు సంతలు కూడా సాగుతున్నాయి.

మాకు ఎక్కువ ఆందోళన కలిగిస్తున్నవి కూల్చివేతలకన్నా మంచి ఉద్దేశంతో జరిగే పాడుపనులు. పెళ్ళి వేడుకలకు అద్దెకివ్వడం కోసం కొన్నిచోట్ల లోపల చదునైన కృత్రిమ పైకప్పు వేలాడదీసి, శీతల యంత్రాలు బిగించాలన్న ప్రతిపాదనలు వస్తాయి. ఆ పని చేసిన మరుక్షణం పై కిటికీల వెలుగు పోతుంది, దూలాల కూర్పు కనుమరుగవుతుంది, గాలి ఆడక కప్పు కింద తేమ చేరి కలప పుచ్చడం మొదలవుతుంది. వేడి తగ్గించాలంటే రేకు కిందనే వేడి ఆపే పొర పరిచి, పాత గాలి పలకలను మళ్ళీ తెరుచుకునేలా చేస్తే చాలావరకు సరిపోతుంది. ఇరవయ్యో శతాబ్ది నడుమ అతికించిన ఆస్బెస్టాస్ పలకల వసారాలను మాత్రం తొలగించవలసిందే. 2003 డిసెంబరు 31 నుంచి ఆ దేశం ఆస్బెస్టాస్ వాడకాన్ని పూర్తిగా నిషేధించింది, పైగా అవి పోతే అసలు గోడ బయటపడుతుంది.

న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వం 2020లో ప్రదర్శన మైదానాల కోసం ప్రత్యేక నిధి ప్రకటించింది. అలాంటి నిధులు వచ్చినప్పుడు రిబ్బను కత్తిరించడానికి వీలైన కొత్త కట్టడాల వైపు మనసు పోవడం రాజకీయంగా అర్థం చేసుకోదగినదే. అయినా మొదటి వాటా కప్పు రేకులకు, వాననీటి కాలువలకు, నేల కింది గుంజలకు దక్కాలని మేము కోరుతున్నాం. కాలువ మరమ్మతు ఏటా చేస్తే చిన్న పద్దు, పదేళ్ళు వాయిదా వేస్తే అది గోడ అడుగు దూలం మార్పిడికి దారితీస్తుంది. బీమా విషయంలో ఒక్కొక్క సంఘం విడివిడిగా బేరమాడే బదులు రాష్ట్ర స్థాయి సమాఖ్యల ద్వారా ఉమ్మడి ఒప్పందం కుదుర్చుకునేలా ప్రభుత్వాలు తోడ్పడాలి.

అంతకన్నా ముందు, పెద్ద ఖర్చు లేని పని ఒకటుంది. ఏ శాలనైనా కదిలించే ముందు దాని కొలతల పటాలు గీయించాలి, దూలాల మీద వడ్రంగులు వేసిన గుర్తులను ఫొటో తీయించాలి, సంఘాల అల్మరాల్లో ఉన్న తీర్మానాల పుస్తకాలనూ ఏటేటి పోటీల జాబితాలనూ జిల్లా గ్రంథాలయానికి చేర్చాలి. కూల్చివేత అనుమతి కోరే ప్రతి దరఖాస్తుకూ ఈ మూడింటినీ తప్పనిసరి జతపత్రాలుగా స్థానిక మండళ్ళు వెంటనే నిర్ణయించవచ్చు. అందుకు కొత్త చట్టం కోసం ఎదురుచూడనక్కర్లేదు.