ముక్కు రాసి తిట్టడం వద్దు

కుక్కపిల్ల ఇంట్లో మూత్రం పోస్తే దాని ముక్కు అక్కడ రాసి మందలించాలని కుక్కపిల్లల పెంపకం మీద వచ్చిన ఈ వ్యాసంలో రాశారు. దయచేసి ఎవరూ అలా చేయకండి. అయిపోయిన పనికి తిడితే దానికి అర్థం కాదు. మనిషిని చూస్తేనే బెదిరి, ఈసారి మంచం కింద చాటుగా పోస్తుంది. మొదట్లో నేనూ ఆ తప్పే చేశాను. నిద్ర లేవగానే, తిన్నాక, ఆడుకున్నాక బయటికి తీసుకెళ్లి, పని అయిన మరుక్షణమే మెచ్చుకుని చిన్న ముక్క ఏదైనా పెట్టడం మొదలెట్టాకే దారిలోకి వచ్చింది. ఇంట్లో పోసిన చోట వాసన మిగలకుండా ఎంజైమ్ క్లీనర్‌తో తుడవండి, లేదంటే మళ్లీ అక్కడికే వస్తుంది.

వ్యాసంలో టీకాల భాగం బాగుంది. ఒక్క మాట చేర్చాలి. 6-8 వారాల వయసు నుంచి 16 వారాలు నిండేదాకా 3-4 వారాలకోసారి వేయించమనడానికి కారణం తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు (జబ్బులతో పోరాడే ప్రొటీన్లు). అవి ఉన్నంతకాలం టీకాను సరిగా పనిచేయనివ్వవు, ఎప్పుడు తగ్గుతాయన్నది ఒక్కో పిల్లకు ఒక్కోలా ఉంటుంది. అందుకే ఒక డోసుతో ఆపేయకూడదు. కుక్కపిల్లలకు ప్రాణాంతకమైన వాంతులు, విరేచనాల జబ్బు తెచ్చే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది మరి! అలాగని గదిలో బంధించకండి. కొత్త మనుషులకూ శబ్దాలకూ సులువుగా అలవాటుపడేది దాదాపు 14 వారాల్లోపే, కాబట్టి చేతుల్లో ఎత్తుకునైనా తిప్పండి.

ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్, జైలిటాల్ (చక్కెరకు బదులు వాడే తీపి పదార్థం) కలిపిన చూయింగ్ గమ్ మాత్రం దాని నోటికి అందనివ్వకండి.