‘కాదు’ కనబడుటలేదు

ఆవలింత మీద వ్యాసం రాయడంలో ఒక చిక్కుంది. పక్కవాడు ఆవలిస్తే మనకీ వస్తుందన్నది తెలిసిన సంగతే. దాని గురించి చదివినా వస్తుంది. అందుకని పాఠకుడు నోరు తెరిచాడంటే విసుగొచ్చి తెరిచాడో, విషయం వంటబట్టి తెరిచాడో చెప్పలేం. (మీరు ఈపాటికే ఒకసారి ఆవలించి ఉంటే నేను రెండోదే అనుకుంటాను.) ఆ ధీమాతోనే తీరిగ్గా, సుదీర్ఘంగా రాశాను. తల్లి కడుపులో ఉన్న బిడ్డ కూడా ఆవలిస్తుందని, అది స్కానింగులో కనిపిస్తుందని రాశాను. కుక్కల దగ్గర్నుంచి పాముల దాకా ఎవరెవరు నోళ్ళు తెరుస్తారో రాశాను.

వ్యాసానికంతటికీ ప్రాణం మాత్రం ఒకే వాక్యం: ‘ఒంట్లో ఆక్సిజన్ తగ్గినప్పుడు ఆవలింత వస్తుందని చిన్నప్పటి నుంచీ మనం వింటున్న మాట నిజం కాదు.’ ఊరికే అనలేదు. 1987లో రాబర్ట్ ప్రొవైన్ అనే అమెరికన్ పరిశోధకుడు, ఆయన సహచరులు కలిసి కొంతమందికి అచ్చమైన ఆక్సిజన్ ఇచ్చి పీల్చమన్నారు. కార్బన్ డయాక్సైడ్ పాలు పెంచిన గాలి ఇచ్చి కూడా చూశారు. ఆవలింతలు పెరగనూ లేదు, తగ్గనూ లేదు.

వ్యాసాన్ని మా మేనల్లుడు ఫోన్లో బొటనవేలితో సర్రున కిందికి లాగాడు. ఇంకా లాగాడు. అడుగు తగలకపోయేసరికి తలెత్తి, “మామయ్యా, ఇంత పొడుగు ఎవరు చదువుతారు? దీన్ని రీల్ చేద్దాం” అన్నాడు.

వాడి తరం మీద నాకు కోపం లేదు. 2013లో వైన్ అనే యాప్ వచ్చినప్పుడు ఒక్కో వీడియోకి ఇచ్చిన గడువు 6 సెకన్లు. అంతసేపట్లో నేను గొంతు సవరించుకోవడం కూడా పూర్తవదు. 2020లో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ 15 సెకన్లతో మొదలైంది. 60 సెకన్ల దగ్గరున్న యూట్యూబ్ షార్ట్స్ 2024 అక్టోబరులో 3 నిమిషాలకి పెరిగింది. ఈ లెక్కన ఇంకొన్నేళ్ళు ఓపిక పడితే నా వ్యాసం మొత్తం పట్టేంత జాగా వాళ్ళే ఇస్తారు కదా అన్నాను. వాడు ఓపిక పట్టే రకం కాదు, ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం.

“ముందు హుక్ కావాలి. మొదటి రెండు సెకన్లలో చూసేవాడి వేలు ఆగిపోవాలి. నువ్వు కెమెరా వైపు చూస్తూ ఆవలించు” అన్నాడు.

ఆజ్ఞాపిస్తే ఆవలింత రాదు. నోరు తెరవచ్చు గానీ అది దంతవైద్యుడి కోసం తెరిచినట్టే ఉంటుంది. నేను తెరుస్తూ, మూస్తూ, మళ్ళీ తెరుస్తూ ఉండగా ఫోన్ పట్టుకున్న వాడికి ఆవలింత వచ్చింది. వాణ్ణి చూసి నాకు వచ్చింది, నిఖార్సైనది, కళ్ళలో నీళ్ళు తిరిగేంతది. అప్పుడు వాడి చెయ్యి వణికి ఫోన్ పక్కకి తిరిగింది. చివరికి వీడియోలోకి ఎక్కింది ఆ దంతవైద్యుడి ఆవలింతే.

తర్వాత కోత. కడుపులో బిడ్డ పోయింది, పాములు పోయాయి, ప్రొవైన్ పరిశోధనాగారంతో సహా వెళ్ళిపోయాడు. ‘అయితే’లు, ‘బహుశా’లు అన్నీ మొదటి విడతలోనే కొట్టుకుపోయాయి. మెదడు చల్లబడడానికి ఆవలింత సాయపడుతుందేమోనని ఒక ప్రతిపాదన ఉంది, ఇంకా తేలలేదు అని నేను నాలుగు వాక్యాల్లో జాగ్రత్తగా రాసినదాన్ని వాడు ‘మెదడు చల్లబడడానికే!’ చేశాడు. ఆశ్చర్యార్థకం వాడి స్వార్జితం.

తెర మీద అక్షరాలు పెట్టడం ఇంకో ప్రహసనం. వీడియోలు కలిపే యాప్‌లలో కొన్నింటికి తెలుగు వత్తులంటే గిట్టదు. ‘ఆక్సిజన్’ అని కొడితే క పొల్లుతో ఒకచోట, స పక్కన వేరుగా, మాట్లాడుకోని తోడికోడళ్ళలా నిలబడ్డాయి. వత్తులు పలికే ఫాంటు వెతికి పట్టుకునేసరికి వాడికీ నాకూ నిజమైన ఆవలింతలు ధారాళంగా వచ్చాయి గానీ అప్పుడు కెమెరా లేదు.

ఇక అసలు ప్రమాదం. నిలువు వీడియో 1080 పిక్సెళ్ళ వెడల్పు, 1920 ఎత్తు. ఆ ఎత్తంతా మనదే అనుకుంటాం. కాదు. కుడివైపున గుండె గుర్తు, వ్యాఖ్యల గుర్తు, పంపే గుర్తు వరసగా కూర్చుంటాయి. అడుగున ఖాతా పేరు, దాని కింద రెండు ముక్కల వివరణ, ఇంకా కింద పాట పేరు పరుచుకుంటాయి. వీటికి అడ్డం రాకుండా అక్షరాలు కాస్త పైన పెట్టుకోవాలి. ఇంగ్లీషు వాక్యానికి ఇది పెద్ద ఇబ్బంది కాదు, వాళ్ళు ‘నాట్’ ముందే అనేస్తారు. మన వాక్యం అలా కాదు. విషయమంతా ఓపిగ్గా చెప్పుకొచ్చి, ఔనో కాదో ఆఖర్న తేలుస్తుంది. నా ప్రాణవాక్యాన్ని మేనల్లుడు ఐదు వరసల్లో అందంగా పేర్చాడు. మొదటి నాలుగూ పైన వెలుగుతున్నాయి. ఐదో వరస, అంటే ‘నిజం కాదు’, సరిగ్గా మా ఖాతా పేరు వెనకాల పడింది.

చెవితో వినేవాళ్ళకైనా తెలియాలి కదా అంటారా? సగంమంది శబ్దం ఆపేసే చూస్తారని వాడే చెప్పాడు. మిగిలినవాళ్ళ కోసం సరిగ్గా ఆ ‘నిజం కాదు’ దగ్గరే సంగీతం పెంచాడు, ముగింపు గంభీరంగా ఉండాలని.

నేను వ్యాసం రాసినప్పుడు చదివినవాళ్ళు మా ఇంట్లో వాళ్ళు, అదీ అడిగితే. రీల్ మాత్రం తెల్లారేసరికి ఎక్కడెక్కడికో పోయింది. “ఆవలింత ఆక్సిజన్ తగ్గడం వల్లే అని నేను ఎప్పటి నుంచో చెబుతున్నా, మా ఆవిడ నమ్మలేదు, థాంక్స్ సార్” అని ఒకాయన. “నా ముందు ఆవలిస్తే కిటికీలు తెరిపిస్తాను, ఇకపై ఈ వీడియో కూడా చూపిస్తాను” అని ఒక టీచరమ్మ. దానంతటదే వచ్చే కింది అక్షరాల్లో యంత్రం ‘మెదడు’ని ‘మేడ’గా విన్నది కాబట్టి, “మా మేడ మీద వేడి భరించలేకపోతున్నాం, ఇంట్లో ఎవరు ఆవలించాలి?” అని మరొకాయన. వీళ్ళనైనా ఓర్చుకోవచ్చు. ఒక కుర్రాడు మాత్రం మహా కోపంగా, “తెలిసీ తెలియకుండా వీడియోలు చేయకండి. ఆక్సిజన్‌కీ దానికీ సంబంధం లేదని ఎప్పుడో తేల్చారు. ఎవరో పెద్దాయన దీని మీద మంచి వ్యాసం రాశారు, ముందు అది చదవండి” అని నా వ్యాసం పేరే ఇచ్చాడు. నా రాతకి ఇంటి బయట దొరికిన మొట్టమొదటి అభిమాని, నన్ను తిట్టడానికి దొరికాడు.

తీసేయమన్నాను. “ఇప్పుడు తీస్తే వ్యూస్ పోతాయి మామయ్యా” అని ఎవరో ఆత్మీయులు పోతారన్నట్టు చూశాడు. ఎక్కించేసిన వీడియోలో అక్షరం మార్చడానికి లేదట. వివరణలో సవరణ రాశాడు. అది చదవాలంటే ‘మరిన్ని’ అని ఉన్నచోట నొక్కాలి. నొక్కితే వివరణ పైకి పాకి, అప్పటిదాకా కనిపించిన నాలుగు వరసల్ని కూడా మింగేస్తుంది. సవరణ కనిపిస్తే తప్పు కనిపించదు, తప్పు కనిపిస్తే సవరణ కనిపించదు.

“బొమ్మల వరస పెడదాం” అన్నాడు. ఇప్పుడు ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక్క పోస్టులో 20 దాకా పెట్టుకోవచ్చు గనక పాములు, ప్రొవైన్, కడుపులో బిడ్డ, అందరూ తిరిగొచ్చారు. నాకు ప్రాణం లేచొచ్చింది. మొదటి బొమ్మ మీద మాత్రం ప్రశ్న ఉండాలన్నాడు: ‘ఆవలింత ఆక్సిజన్ కోసమేనా?’ పెద్దక్షరాల్లో పెట్టేసరికి వెడల్పు చాలక యాప్ మాటని విరిచి, ‘కోసమే’ని పై వరసలోనూ ‘నా?’ని అడుగు వరసలోనూ వేసింది. మనకి ప్రశ్న కూడా తోకలోనే ఉంటుంది కదా. దాన్ని ఎవరో ఇంకోచోట పంచుకున్నారు. అక్కడ చిన్న బొమ్మ చతురస్రంగా కత్తిరించుకుపోతుంది. ‘నా?’ పోయింది. ‘ఆవలింత ఆక్సిజన్ కోసమే’ అని, కింద నా పేరుతో, ఈసారి పుష్టిగా ఉన్న క్స వత్తుతో సహా తిరుగుతోంది.

ఆ వరసలోని మిగతా పంతొమ్మిది బొమ్మల జోలికి పోయినవాళ్ళు పెద్దగా కనిపించలేదు. ఒకావిడ మాత్రం చివరిదాకా వెళ్ళినట్టున్నారు. “చాలా ఆసక్తిగా ఉందండీ. ఇలా ముక్కలు ముక్కలుగా కాకుండా ఎక్కడైనా వివరంగా రాస్తే చదవాలని ఉంది” అన్నారు. చెయ్యి వణుకుతుండగా వ్యాసం లింకు పెట్టాను. అక్కడ వ్యాఖ్యల్లో పెట్టిన లింకు నొక్కినా తెరుచుకోదని నాకప్పుడు తెలియదు. అయినా ఆవిడ కాపీ చేసుకుని వెళ్ళి మరీ చూసొచ్చారు.

“చూశానండీ, బాగా పొడుగ్గా ఉంది. దీన్నే ఒక చిన్న వీడియో చేసి పెట్టగలరా?”