మూడుసార్లు ఊపాలి, నాలుగోసారి ఊపితే మార్కులు కట్

ఇంజనీరింగ్ పిల్లలకు కమ్యూనికేషన్ స్కిల్స్ లేవన్న నా బెంగ తీరిపోయింది. మొన్న ఒక కాలేజీకి అతిథిగా వెళ్లి కళ్లారా చూశాను. అక్కడ షేక్‌హ్యాండ్ నేర్పుతున్నారు.

గంటన్నర క్లాసు. అరవైమంది ఫైనలియర్ పిల్లలు, సగంమంది మెడలో అరువు టైలు. చెయ్యి ఏ కోణంలో చాచాలో ట్రైనర్‌గారు బోర్డు మీద బొమ్మ గీశారు. మెత్తగా ఇస్తే చచ్చిన చేపట, గట్టిగా నొక్కితే పొగరట. మూడుసార్లు ఊపి వదిలెయ్యాలి. రెండుసార్లే ఊపిన మెకానికల్ కుర్రాణ్ని లైన్లో మళ్లీ చివరికి పంపారు. ఇంకొకడు టెన్షన్లో నాలుగు ఊపేశాడు. "ఓవర్ కాన్ఫిడెన్స్" అని రాసుకున్నారు. చెమట చేతులవాళ్లకు విడిగా కర్చీఫ్ టెక్నిక్. ఒకమ్మాయి లేచి, "సార్, ప్రాజెక్ట్ రిపోర్ట్ రాయడం ఎప్పుడు చెబుతారు?" అంది. "ముందు ఐ కాంటాక్ట్ మెయింటైన్ చెయ్యమ్మా" అన్నారాయన.

తర్వాత గ్రూప్ డిస్కషన్. ఎనిమిదిమందీ ఒకేసారి అరిచారు. బుద్ధిగా విన్నవాడికి సున్నా.

రాయడమంటారా, అందులో మనవాళ్లు ఫస్టియర్లోనే ఆరితేరారు. సీనియర్ ల్యాబ్ రికార్డు ముందు పెట్టుకుని తప్పులతో సహా దించేస్తారు. రాసినవాడు చదవడు, సంతకం పెట్టేవారూ చదవరు.

2003లో నాసా వాళ్ల కొలంబియా వ్యోమనౌక భూమికి తిరిగొస్తూ ముక్కలైపోయి ఏడుగురు చనిపోయారు. ఎగిరేటప్పుడు ఇంధన ట్యాంకు నుంచి ఊడిన ఫోమ్ ముక్క రెక్కకు తగిలిందని నౌక ఇంకా పైన తిరుగుతుండగానే ఇంజనీర్లకు తెలుసు. స్లైడ్లు కూడా తయారుచేశారు. అలాంటి దెబ్బ మీద అంతకుముందు చేసిన పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపుటంగుళాలు, ఇక్కడ ఊడిందని అంచనా వేసింది 1,920. అంటే 640 రెట్లు! ఆ సంగతి ఎక్కడ రాశారో తెలుసా? స్లైడు అట్టడుగున. అది చదివిన పెద్ద అధికారికి ప్రాణాల మీదికి వచ్చిందని తట్టకపోవడంలో వింత లేదని విచారణ బోర్డే రాసింది.

ఆ మీటింగులో ఎవరూ షేక్‌హ్యాండ్ తప్పుగా ఇచ్చి ఉండరు లెండి. "ఇది విరగొచ్చు, మాకు తెలియదు, ముందు చూడండి" అని మూడు ముక్కలు, అర్థమయ్యేలా, పైన, పెద్దక్షరాల్లో రాయడం చేతకాలేదు. అది నేర్పని చదువు ఉంటేనేం, తగలబడితేనేం! పిల్లల్ని అనకండి. అడిగిన అమ్మాయిని కూర్చోబెట్టింది మనం.

బయల్దేరేటప్పుడు ప్రిన్సిపాల్‌గారు నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చారు. లెక్కపెట్టాను. ఐదుసార్లు ఊపారు.