చంపిందెవరో చెప్పకండి బావగారూ!

ఆదివారం మధ్యాహ్నం ‘కానూన్’ చూద్దామని కూర్చున్నా. 1960లో బి.ఆర్. చోప్రా తీసిన హత్య కథ, హిందీ సినిమా అయ్యుండీ ఒక్క పాటా లేదు. అంటే మధ్యలో లేచి కాఫీ కలుపుకునే సందు కూడా ఉండదన్నమాట.

ముందు టీవీతో గొడవ. పాత సినిమా బొమ్మ దాదాపు నలుచదరంగా ఉంటుంది కదా, మావాడు రిమోట్ నొక్కి తెర నిండా సాగదీశాడు. అశోక్ కుమార్ మొహం దిబ్బరొట్టె అయిపోయింది! అది సరిచేస్తే కిటికీ వెలుగు. చీకటి సీన్లన్నిటిలో నా బట్టతలే కనబడుతోంది.

కర్టెన్ వేసి, టెన్షన్‌గా కోర్టు సీను దాకా వచ్చానా, కుక్కర్ మూడు విజిళ్లు. సాక్షి ఏమన్నాడో వినబడక వెనక్కి తిప్పా. సరిగ్గా అప్పుడే బావగారు జంతికల డబ్బాతో దిగారు. “ఓ, ఇదా! ఎప్పుడో దూరదర్శన్‌లో చూశాన్లే. అసలు చంపింది...” అని మొత్తం చెప్పేశారు. నేను చెవులు మూసుకునేలోపే!

పైగా జంతిక కరకరలాడిస్తూ, “అయినా బాగుంటుందిలే, చూడు” అట.