మానిఫోల్డు విప్పడం మన జన్మహక్కు

కారు ఇన్‌టేక్ మానిఫోల్డును ఇంట్లోనే శుభ్రం చేసుకోవచ్చా అని కొందరు ఇంకా భయం భయంగా అడుగుతున్నారు. చేసుకోవచ్చా ఏమిటి, చేసుకుని తీరాలి. చేతిలో పానా, మనసులో అనుమానం ఉన్న ప్రతి మనిషికీ అది జన్మహక్కు. "కారు బాగానే నడుస్తోంది కదా" అనేవాళ్లతో వాదన పెట్టుకోకండి. చెడిపోయిన కారును ఎవడైనా విప్పుతాడు. బాగా నడుస్తున్నదాన్ని విప్పాలంటేనే గుండె ధైర్యం కావాలి.

విషయం కొత్తవాళ్లకు రెండు ముక్కల్లో చెప్తాను. ఎయిర్ ఫిల్టర్ దాటొచ్చిన గాలిని సిలిండర్లకు పంచిపెట్టే గొట్టాల గుత్తే ఇన్‌టేక్ మానిఫోల్డు. గాలి తీసుకోవడం, గాలి పంచడం, అంతే దాని ఉద్యోగం. ఇంత అమాయకమైన వస్తువు కడుపులో అంత నల్లటి జిడ్డు ఎక్కడిదని అడిగితే, అది మన పర్యావరణ స్పృహ ఫలితమని సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

సిలిండర్‌లో మంట మరీ వేడెక్కితే గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసిపోయి నైట్రోజన్ ఆక్సైడ్లు పుడతాయి. ఊపిరితిత్తులకు అవి చేటు. అందుకని 1970లలో కార్లకు ఈజీఆర్ అనే ఏర్పాటు వచ్చింది. ఇంజన్ వదిలిన పొగలో కొంత భాగాన్ని మళ్లీ దాని నోట్లోకే తోస్తారు. మంట చల్లబడుతుంది, ఆ వాయువులు తగ్గుతాయి. నీ పొగ నువ్వే తాగు అని తీర్పు చెప్పారన్నమాట. ఇంత నిక్కచ్చి న్యాయం మనుషుల మధ్య ఇప్పటికీ అమల్లోకి రాలేదు.

పొగ ఒక్కటే అయితే పొడి మసితో పోయేది. అటు ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే క్రాంక్‌కేసులో పుట్టిన ఆయిల్ ఆవిరి, దాన్ని మళ్లీ ఇంజన్‌కే తాగించే పీసీవీ గొట్టం పట్టుకుని ఇదే దారికి వచ్చి చేరుతుంది. దాన్నీ బయటికి వదలకూడదు, అదీ నిబంధనే. మసికి ఆయిల్ తోడైతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. డీజిల్ కార్లలో గాలి వెళ్లాల్సిన కన్నం సగానికి సగం పూడుకుపోయిన మానిఫోల్డులు ఉన్నాయి. ఇక సిలిండర్‌లోకే నేరుగా పెట్రోల్ చిమ్మే ఇంజన్లది ఇంకో కథ. పూర్వం పెట్రోల్‌ను ఇన్‌టేక్ వాల్వుల, అంటే గాలిని సిలిండర్‌లోకి వదిలే మూతల, వెనకే చిమ్మేవారు, అది వాల్వులను కడుగుతూ లోపలికి పోయేది. మైలేజీ కోసం, పికప్ కోసం ఇంజెక్టర్‌ను సిలిండర్‌లోకి బదిలీ చేశారు. కడిగేవాడు వెళ్లిపోయాడు, మురికి మాత్రం డ్యూటీలోనే ఉంది.

ఇందులో కారు యజమాని తప్పు రవ్వంత కూడా లేదు. ఆయన ఇంజన్ వేడెక్కేలోపే చేరిపోయేంత దూరాలకే కారు తీస్తాడు. ఆయిల్ మార్చే గడువును ఒక సలహాగా మాత్రమే స్వీకరిస్తాడు. పీసీవీ వాల్వు అనేదొకటి ఉందని, అది మూసుకుపోతుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పమని ఆయనా అడగలేదు. అలాంటి నిర్దోషికి ఒకరోజు ఐడ్లింగ్‌లో చిన్న వణుకు వినిపిస్తుంది. ఇక ఆగుతాడా?

బ్యాటరీ నెగటివ్ వైరు తీయడం, గాలి గొట్టం ఊడదీయడం, లోపలికి పోయే గాలిని అదుపు చేసే థ్రాటిల్ బాడీ విప్పడం, ఇవన్నీ చకచకా అయిపోతాయి. అప్పటికి మనిషికి తనమీద తనకు గౌరవం ఏర్పడుతుంది. తర్వాత కనెక్టర్లు. ఏళ్ల తరబడి ఇంజన్ వేడికి పెళుసెక్కిన ప్లాస్టిక్ క్లిప్పు, నొక్కితే ఊడదు, ఇంకాస్త నొక్కితే విరుగుతుంది. ఈ రెంటికీ మధ్య ఒత్తిడి ఎంతో ఏ మాన్యువల్లోనూ రాయలేదు.

ఆపైన చివరి బోల్టు. బోల్టులన్నీ సులువుగా వచ్చేశాక, ఇంజన్‌కూ వెనక గోడకూ మధ్య ఇరుకులో ఒకటి మిగిలి ఉంటుంది. చెయ్యి పెడితే కంటికి కనపడదు, కన్ను పెడితే చేతికి చోటుండదు. తలను బానెట్ కింద ఓ పక్కకి వాల్చి, మణికట్టును వైర్ల మధ్య నుంచి దూర్చి, వేలి కొసతో దాని పలకలు తడుముకుంటూ సాకెట్ ఎక్కించాలి. రాట్చెట్ ఒక్కసారి "టిక్" మంటుంది, ఇక తిరగడానికి జాగా లేదు. తీసి, మళ్లీ ఎక్కించి, ఇంకో టిక్. ఆ బోల్టును అక్కడ పెట్టిన ఇంజనీరుకు మోచేతికీ మణికట్టుకీ మధ్య ఇంకో కీలు ఉండి ఉండాలి, లేదా మనుషులంటే కోపమైనా ఉండాలి.

ఎట్టకేలకు మానిఫోల్డు చేతికొస్తుంది. వెంటనే కడిగేస్తారనుకుంటే పొరపాటు, ముందు ఫొటో తీయాలి. ఎంత మసి ఉంటే అంత ఘనత. నిజానికి మసి తక్కువగా ఉన్నవాళ్ల దుఃఖం చూడలేం. ఈ సంబరంలో సిలిండర్ హెడ్ మీద నోళ్లు తెరుచుకున్న పోర్టులను మర్చిపోతారు. వాటిని శుభ్రమైన గుడ్డలతో మూయాలి. ఒక చిన్న నట్టు అందులో పడి, ఆ వాల్వు తెరుచుకుని ఉంటే నేరుగా పిస్టన్ మీదికే దిగుతుంది. ఆ తర్వాత ఇంజన్ స్టార్ట్ చేస్తే వాళ్లిద్దరి సంభాషణ వీధి చివరి దాకా వినిపిస్తుంది.

కడగడం దగ్గర మన జాతి ప్రతిభ పూర్తిగా వికసిస్తుంది. అందుకని చేసిన క్లీనర్లుంటాయి గానీ, ఇంట్లో ఇంతకన్నా ఘాటైనవి ఉండగా అవెందుకు? కాస్టిక్ సోడా పక్షపాతం ఎరగని రసాయనం. మసిని కరిగిస్తుంది, కింద అల్యూమినియం ఉంటే దాన్నీ కరిగిస్తుంది, పైగా మండే హైడ్రోజన్‌ను కానుకగా ఇస్తుంది. ఈ కాలపు మానిఫోల్డులు చాలావరకు గ్లాస్ ఫైబర్ కలిపిన నైలాన్‌వి. వాటి మీద ఏది పడితే అది పోస్తే అవీ ఊరుకోవు. డీజిల్ ఇంజన్‌తో ఇంకో చిక్కు. లోపల మండే ద్రవం గుక్కెడు మిగిలిపోయినా దానికది ఇంధనమే. అది అయిపోయేదాకా ఇంజన్ అరుస్తూ వేగం పెంచుకుంటూ పోగలదు, తాళంచెవి తీసి జేబులో పెట్టుకున్నా సరే.

మళ్లీ బిగించేటప్పుడు, అతుకులో గాలి దూరకుండా పెట్టే పాత గ్యాస్కెట్ బాగానే కనిపిస్తుంది. అదే దాని మోసం. బోల్టులు నడిమి నుంచి అంచులకు, ఎంత బలంగా బిగిస్తున్నామో కొలిచే టార్క్ రెంచ్‌తో బిగించాలి. చాలా ఇంజన్లలో ఆ బిగింపు 25 న్యూటన్ మీటర్లు దాటదు. మనవాడి మోచేతికి ఆ అంకెతో పరిచయం లేదు. ఫలితంగా ఎక్కడో ఒక సందు, "స్స్" మని చిన్న శబ్దం. లెక్కల్లో చూపని ఆదాయంలాగా, గాలిని కొలిచే సెన్సర్‌ను తప్పించుకున్న గాలి దొడ్డిదారిన లోపలికొస్తుంది. ఒక పాలు పెట్రోల్‌కు 14.7 పాళ్ల గాలి అని లెక్క కట్టుకున్న కంప్యూటర్ తల పట్టుకుని చెక్ ఇంజన్ లైటు వెలిగిస్తుంది. కోడు పీ0171, అంటే గాలి ఎక్కువైంది, పెట్రోల్ చాలడం లేదని మొర. అయినా యజమాని "పికప్ పెరిగింది చూశావా" అనే అంటాడు. పెరగక ఏం చేస్తుంది పాపం, అంత కష్టం చూశాక.

బకెట్‌లో మిగిలిన నల్లనీళ్ల సంగతి ఎవరూ అడగరు. కాలువ ఎందుకుంది?

ఇక ఇదంతా మళ్లీ చేయక్కర్లేకుండా ఒక శాశ్వత పరిష్కారం ప్రచారంలో ఉంది. ఈజీఆర్ దారికి అడ్డంగా ఒక రేకు ముక్క బిగించేయడం. చాలా దేశాల్లో అది చట్టవిరుద్ధమే, కానీ శుభ్రత ముందు చట్టమెంత? ఇంజన్‌కు తన పొగ తాను తాగే శిక్ష రద్దవుతుంది, మానిఫోల్డుకు మసి బెడద వదులుతుంది. నైట్రోజన్ ఆక్సైడ్లంటారా, అవి సైలెన్సర్ గుండా ఠీవిగా బయటికి పోయి వెనక వచ్చేవాళ్ల ఊపిరితిత్తుల్లో చేరతాయి. వాటిని విప్పి ఫొటో తీసేవాళ్లెవరూ లేరు కదా.