లాంతరుకు బల్బు పెట్టించకండి, మళ్ళీ వెలిగించండి

పాత లాంతరు అడుగున రంధ్రం చేసి, కరెంటు వైరు దూర్చి, బల్బు బిగించి, పైన బంగారు రంగు పూసి హాల్లో వేలాడదీయడాన్ని ఈమధ్య 'బాగుచేయించడం' అంటున్నారు. ఆ మాటను నేను ఒప్పుకోను. బాగుచేయడమంటే అది మళ్ళీ కిరసనాయిలుతో వెలగాలి. మా మేనత్త ఇంటి లాంతరుకు ఒక దుకాణంలో ఇదే గతి పట్టించారు. ఆ రంధ్రం చూసినప్పుడల్లా నా ప్రాణం ఉసూరుమంటుంది.

అందుకే అమ్మమ్మగారి అటక మీద లాంతరు దొరికినప్పుడు ఎవరి చేతికీ ఇవ్వకుండా నేనే ముందేసుకుని కూర్చున్నాను. తడిగుడ్డతో మసి తుడిస్తే 'ప్రభాత్' అన్న పేరు బయటపడింది. మహారాష్ట్రలో కరాడ్ దగ్గరున్న ఓగలేవాడిలో తయారైన లాంతరు అది.

రెండు పక్కలా ఉండే గొట్టాలు చిమ్నీకి కాపుగా పెట్టిన కమ్ములని చాలామంది అనుకుంటారు. పైభాగం నుంచి గాలిని కిందికి దింపి మంటకు అందించేవి అవే. అమెరికాలో జాన్ ఇర్విన్ 1869లో పేటెంటు పొందిన పద్ధతిలో మంట నుంచి వచ్చిన వేడిగాలి కొంత మళ్ళీ మంటకే చేరేది. 1873లో ఆయనే తాజా గాలి మాత్రమే అందే ఏర్పాటు చేయడంతో వెలుగు పెరిగింది. ఏ పద్ధతి లాంతరైనా ఆ దారి మూసుకుపోతే పొగే మిగులుతుంది. నా లాంతరులో ఒక గొట్టం నిండా కందిరీగ మట్టిగూడు కట్టింది. సన్నని తీగతో పొడుస్తూ, తిరగేసి తడుతూ ఒక పూటంతా కూర్చుంటే గుప్పెడు ఎర్రమట్టి రాలింది.

ఇత్తడి బర్నరును వంటసోడా కలిపిన నీళ్ళలో అరగంట మరిగించి, పాత పళ్ళబ్రష్షుతో తోమితే ఏళ్ళనాటి జిడ్డు తారులా ఊడివచ్చింది, బిగుసుకుపోయిన మర తిరిగింది. చింతపండు ఇత్తడికి మంచిదే కానీ రేకుకు తగలనివ్వకండి, పులుపు దాని పూతను తినేస్తుంది. గరుకు కాగితమూ అంతే. రేకుకు సబ్బునీళ్ళు చాలు. చిమ్నీని అమ్మమ్మ రోజూ సాయంత్రం తుడిచినట్టే కచ్చిక బూడిదతో, మెత్తని పాతచీర ముక్కతో తుడిచాను.

తరువాత నూనె పోసే అడుగుభాగంలో నీళ్ళు నింపి, రాత్రంతా న్యూస్‌పేపరు మీద ఉంచాను. తెల్లారేసరికి అతుకు కింద రూపాయి బిళ్ళంత తడి కనిపించింది. పాత్రలకు మాటు పెట్టే ఆయన దగ్గరికి తీసుకువెళితే, సెగ చూపించే ముందు లోపల చమురు ఆవిరి మిగలకూడదని మూడుసార్లు సబ్బునీళ్ళతో కడిగించారు. ఈ జాగ్రత్త తెలియనివారు దయచేసి ఇంట్లో ప్రయత్నించకండి. కిరసనాయిలు దొరకలేదని పెట్రోలు మాత్రం ఎన్నడూ పోయకండి.

మాటు గట్టిపడి, ఎండలో పూర్తిగా ఆరిన తరువాత కొత్త నూలు ఒత్తి ఎక్కించి, కొసల మూలలు కత్తిరించి, అరగంట నాననిచ్చాను. నానని ఒత్తిని వెలిగిస్తే చమురుకు బదులు ఒత్తే కాలిపోతుంది. కిటికీ తెరిచి, మర తగ్గించి అగ్గిపుల్ల గీస్తే మొదట నీలంగా అంటుకుని, మెల్లగా పసుపుపచ్చగా నిలబడింది. చిమ్నీకి ఎక్కడా మసి పట్టలేదు.

మేనత్త లాంతరు రంధ్రానికి కూడా మాటు పడుతుందని ఆ పెద్దాయన చెప్పారు. వైరు పీకేయడానికి అత్తయ్యను ఒప్పించే పనిలో ఉన్నాను.