బ్లాంకెట్ కుట్టు పేరు చెప్పి పాత మిషన్లను తూకానికి అమ్మించకండి

నల్లగొండలో ముప్పై ఏళ్లుగా బట్టలు కుడుతున్న మనిషిగా ఈ మాట రాయక తప్పడం లేదు. మా చెల్లెలి కూతురు, వాళ్ల అత్తగారు వాడిన నల్లటి ఇనుప ఉషా మిషన్‌ను ఒక దుకాణంలో ఇచ్చేసి, ఇరవైకి పైగా డిజైన్ కుట్లు వేసే తెల్లటి కరెంటు మిషన్‌ను తెచ్చుకున్నది. పాతదానికి కట్టిన ధర ఇనుప సామాను తూకం ధర. "అది ఒక్క సాదా కుట్టే వేస్తదమ్మా, ఇది బ్లాంకెట్ కుట్టు గూడ వేస్తది" అని చెప్పారట. పుట్టబోయే బిడ్డకు పాత చీరలతో బొంత కుట్టి, అంచు చుట్టూ ఆ కుట్టు వేయాలని ఆ పిల్ల ఆశ. బొంతను మిషన్ పాదం, అంటే బట్టను నొక్కిపట్టే లోహపు ముక్క, కింద పెట్టగానే మిషన్ మొరాయించింది. పలుచటి బట్ట మీద కుట్టు వచ్చింది గానీ, అది ఆమె అడిగిన కుట్టు కాదు. మిషన్ మొరాయించినందుకంటే, లేని కుట్టును ఉన్నదని చెప్పి అమ్మినందుకే నాకు ఎక్కువ కోపం.

చేత్తో వేసే బ్లాంకెట్ కుట్టులో ఒకటే దారం ఉంటుంది. సూదిని బట్టలో గుచ్చి అంచు బయటికి తీసేటప్పుడు, దారం సూది కింది నుంచి వచ్చేలా పట్టుకుంటాం కాబట్టి ప్రతి కుట్టూ మెలిక పడుతుంది, ఆ మెలికలన్నీ కలిసి అంచు పొడవునా ఒక తాడులాగా నిలుస్తాయి. అంచు పోగులు ఊడకుండా కాపాడేది ఆ తాడే. దీన్నే దగ్గరదగ్గరగా వేస్తే కాజా కుట్టు అవుతుంది. దేవరకొండ వైపు తాండాల్లో లంబాడీ స్త్రీలు రవికెకు అద్దం బిగించేటప్పుడు, అద్దానికి రంధ్రం ఉండదు కనుక ముందు దాని మీద అడ్డంగా, నిలువుగా దారాలతో చట్రం కట్టి, ఆ చట్రాన్ని పట్టుకొని చుట్టూ వేసేది కూడా ఈ మెలిక జాతి కుట్టే.

ఇంట్లో వాడే మిషన్, పాతదైనా కొత్తదైనా, ఈ మెలికను వేయలేదు. 1846లో ఎలియాస్ హోవ్ పేటెంట్ పొందిన మిషన్ నుంచి ఇప్పటిదాకా ఈ మిషన్ల పద్ధతి ఒకటే: పై దారం సూదితో దిగుతుంది, కింద బాబిన్ అనే చిన్న చుట్టలోని దారం దానిలో నుంచి దూరుతుంది, రెండూ బట్ట మందంలో ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. 1873లో హెలెన్ బ్లాంచర్డ్ అనే అమెరికన్ మహిళ జిగ్‌జాగ్ మిషన్‌కు పేటెంట్ పొందిన తరువాత కుట్టు పక్కకు కూడా పడడం మొదలైంది. కొత్త మిషన్లు బ్లాంకెట్ అని చూపించేది, నేరుగా రెండు మూడు కుట్లు వేసి, ఒకసారి పక్కకు గుచ్చి వెనక్కి వచ్చే కుట్టు. చూపుకు దువ్వెన పళ్లలాగా ఉంటుంది. అతుకు పువ్వులు, అంటే గుడ్డలో కత్తిరించి మరో బట్ట మీద అతికే పువ్వులు, కుట్టడానికి అది చక్కటి కుట్టు, నేనూ వాడతాను. నిటారు గీత పువ్వు అంచును ఆనుకొని బయట పడాలి, పక్క పన్ను పువ్వు లోపలికి పోవాలి, మూల వచ్చినప్పుడు సూదిని బయటి గీతలో దించి ఉంచి బట్టను తిప్పాలి. కానీ బొంత అంచుకు అది కాపలా కాదు.

ఇక పాత మిషన్ ఒక్క కుట్టే వేస్తుందన్న మాట చూద్దాం. మన ఇళ్లలోని పాత నల్ల ఉషాలు చాలావరకు సింగర్ కంపెనీ 15 నంబరు మోడల్ తరహావే కాబట్టి, సింగర్ కోసం చేసిన జిగ్‌జాగ్ అటాచ్‌మెంట్ వీటికీ సరిపోతుంది. పాదం తీసి దాన్ని బిగిస్తే, దాని కొమ్ము సూది బిగించే స్క్రూను పట్టుకొని సూదితోపాటు పైకీ కిందికీ ఆడుతుంది. సూది పక్కకు జరగదు, అటాచ్‌మెంటే బట్టను కుడిఎడమలకు జరుపుతుంది. లోపలి క్యామ్, అంటే కుట్టు ఆకారాన్ని నడిపించే చిన్న బిళ్ళ, మారిస్తే డిజైన్ మారుతుంది. బరువైన బట్టను జరపడం దాని వల్ల కాదు కనుక బొంతకు, గొంగడికి అది పనికిరాదని కూడా చెప్పాలి. కానీ లంగా అంచు మీద, పిల్లల గౌను మీద చాలా శుభ్రంగా వస్తుంది. జరీ దారాన్ని బాబిన్‌కు చుట్టి, బాబిన్ డబ్బీ స్క్రూ కొంచెం వదులు చేసి, బట్టను తిరగేసి కుడితే జరీ గీత పైముఖం మీద తేలుతుంది. పాదం తీసేసి, కింది పళ్లు బట్టను లాగకుండా చేసి, బట్టను బిగువుగా పట్టే ఎంబ్రాయిడరీ రింగు బిగించి చేతులతో బట్టను నడిపితే, మా తరం పువ్వులూ లతలూ అన్నీ ఆ సాదా కుట్టుతోనే వేసింది. కాలితో తొక్కే మిషన్‌లో ఒక్కొక్క కుట్టునూ మన ఇష్టంతో ఆపగలం, మూలల దగ్గర చక్రాన్ని చేత్తో తిప్పగలం.

కొత్త మిషన్లు వద్దని నేను అనడం లేదు. పికోకు, కాజాలకు నా దగ్గరా ఒకటి ఉన్నది. అయితే ఆరు పొరల చీరల బొంతను, పాలమూరు వైపు కురుమలు నల్ల గొర్రెల ఉన్నితో నేసే గొంగడిని ఆ చిన్న మోటారు మిషన్ కింద పెట్టడానికి నాకు చేతులు రావు. ఇనుప మిషన్‌కు పదహారో నంబరు సూది, ఆ మందం పట్టకపోతే పద్దెనిమిదో నంబరు వేసి నెమ్మదిగా తొక్కితే పని నడుస్తుంది.

ఆ పిల్ల బొంతను ఇప్పుడు మా అమ్మ మిషన్ మీద పూర్తి చేస్తున్నాను. అంచు నుంచి అర అంగుళం లోపల, వేరే రంగు దారంతో అన్నింటికంటే పొడవు కుట్టు పెట్టి చుట్టూ ఒక గీత వేశాను. అది కొలత గీత మాత్రమే. ఆ గీతలో రెండు కుట్లకొకసారి చేతి సూది గుచ్చుతూ, రెండు పోగుల ఎర్ర దారంతో అసలైన బ్లాంకెట్ కుట్టు వేస్తున్నాను. అన్ని కుట్లూ ఒకే ఎత్తులో, ఒకే దూరంలో పడుతున్నాయి. మూడు వైపులు అయింది. నాలుగో వైపు ఆ పిల్లనే కుట్టమన్నాను, అది కాగానే కొలత దారాన్ని లాగేస్తాం.